పొట్ట పట్టీ బిగించగానే ఎగిరిపడుతున్న మార్వాడీ గుర్రప్పిల్ల: స్వారీకి ఎప్పుడు, ఎలా సిద్ధం చేయాలి?

చేవెళ్ళ_తోట
గత శీతాకాలంలో నాందేడ్ జిల్లా మాలెగావ్ ఖండోబా జాతరలో ఒక మార్వాడీ ఆడ గుర్రప్పిల్లను కొన్నాను. నుదుట తెల్ల మచ్చ ఉండడంతో ఇంట్లో అందరం దాన్ని చుక్క అని పిలుస్తున్నాం. అమ్మిన వ్యక్తి దానికి నాలుగేళ్ళు నిండాయని, మనిషిని ఎక్కించుకోవడం వచ్చని చెప్పి ఇచ్చాడు. ఇన్ని నెలలుగా తోటలో నడిపించినా, ఒళ్ళు రుద్దినా, గిట్టలు ఎత్తించినా ఏ పేచీ పెట్టలేదు. పిలిస్తే కంచె దగ్గరకు వస్తుంది. జీనును వీపు మీద ఉత్తగా పెట్టినంతసేపు కూడా నిలబడుతుంది. పొట్ట కింది పట్టీ బిగించామంటే మాత్రం నడుము పైకి వంచి, నాలుగు కాళ్ళూ ఒక్కసారిగా లేపి ఎగిరిపడుతోంది.

మా మండలంలో గుర్రాలకు తర్ఫీదు ఇచ్చే ఒకాయన వచ్చి చూసి, దీనికి మొండితనం తప్ప ఏమీ లేదని, ముళ్ళ కళ్ళెం వేసి లోతు ఇసుకలో ఎక్కితే పది రోజుల్లో దారికి వస్తుందని అన్నారు. నాకు మనసొప్పక ఆపాను. ఇది భయమా, నొప్పా, వయసు చాలకపోవడమా అన్నది నాకు ముందు తేలాలి. ఆ తర్వాత, జీను అలవాటు చేయడం దగ్గర నుంచి మనిషి ఎక్కేవరకు ఏ వరుసలో వెళ్ళాలో తెలిసినవారు వివరంగా చెప్పండి. నా బరువు 78 కిలోలు, మా జీను 8 కిలోలు.

నిజామాబాద్_అశ్వం
పెళ్ళి ఊరేగింపులకు గుర్రాలు పంపడం మా తాతల నాటి వృత్తి. మీ ఇంటికి వచ్చిన ఆయన చెప్పింది కొత్త మాటేమీ కాదు. లోతు ఇసుకలోనో, దున్నిన చేలోనో ఎక్కితే గుర్రం ఎక్కువసేపు ఎగరలేదు, పడినా మనిషికి పెద్ద దెబ్బ తగలదు. మేం అలాగే నేర్పాం. ఆ గుర్రాలు బ్యాండు మేళాల మధ్య, బాణసంచా పక్కన కదలకుండా నిలబడి మా కుటుంబాలకు అన్నం పెట్టాయి. నెలల తరబడి తాడు పట్టుకుని తిప్పుతూ కూర్చుంటే దాణా ఖర్చు ఎవరు భరిస్తారు?

పశువైద్యురాలు_కరీంనగర్
మొండితనం అన్న మాటను కాసేపు పక్కన పెట్టి ముందు నోరు చూడండి. ముందు వరుసలో పైన ఆరు, కింద ఆరు పళ్ళుంటాయి. వాటిలో మధ్య జత దాదాపు రెండున్నరేళ్ళకు, దాని పక్క జత మూడున్నరేళ్ళకు, చివరి జత నాలుగున్నరేళ్ళకు రాలి శాశ్వత పళ్ళు వస్తాయి. పాలపళ్ళు చిన్నగా, తెల్లగా, చిగురు దగ్గర సన్నబడి ఉంటాయి. శాశ్వత పళ్ళు పెద్దవిగా, కాస్త పసుపు రంగులో, నిలువు గాడితో కనిపిస్తాయి. పెదవులు పక్కకు తీసి ఎదురుగా ఒక ఫోటో, రెండు పక్కల నుంచి రెండు ఫోటోలు పెట్టండి. అమ్మినవారు చెప్పిన నాలుగేళ్ళ మాట నిజమో కాదో అక్కడే తెలిసిపోతుంది.

దాంతోపాటు రెండు కొలతలు కావాలి. ముందు కాళ్ళ వెనుక, ఛాతీ చుట్టూ టేపుతో కొలిచిన చుట్టుకొలత ఒకటి. భుజం ముందు మొన నుంచి పిరుదు వెనుక మొన వరకు పొడవు ఒకటి. రెండూ సెంటీమీటర్లలో ఉండాలి. జాతరలో కొన్నారు కాబట్టి గ్లాండర్స్ రక్త పరీక్ష జరిగిందో లేదో కూడా చెప్పండి. అది మనుషులకూ సోకే వ్యాధి. హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంలో దానికి పరీక్ష చేస్తారు. ధనుర్వాతం టీకా వేయించకపోతే ఈ వారమే వేయించండి.

మలక్‌పేట_పొద్దు
నేను రేసు గుర్రాల దగ్గర రోజూ తెల్లవారుజామున స్వారీ చేసేవాణ్ని. మా దగ్గర థరోబ్రెడ్ పిల్లలకు ఏడాదిన్నర దాటగానే జీను వేస్తాం, రెండేళ్ళు నిండిన తర్వాత పరుగులో పెడతాం. కాబట్టి నాలుగేళ్ళయినా, మూడేళ్ళయినా మీ పిల్లకు వయసు చాలదన్న భయం నాకు లేదు. భయపడాల్సింది పని చేసే తీరు గురించి. ముళ్ళ కళ్ళెం విషయంలో మాత్రం మీరు ఆపింది నూటికి నూరుపాళ్ళు సరైన పని. నోరు పాడైన గుర్రాన్ని మళ్ళీ మెత్తబరచడం ఎంత కష్టమో నేను కళ్ళారా చూశాను.

చేవెళ్ళ_తోట
ఫోటోలు పెట్టాను. నా కంటికి మధ్య జత పెద్దవిగా, పసుపుగా ఉన్నాయి, పక్కవన్నీ చిన్నవిగా, తెల్లగా ఉన్నాయి. ఛాతీ చుట్టుకొలత 158, పొడవు 142 సెంటీమీటర్లు. గ్లాండర్స్ పరీక్ష కొన్న వెంటనే చేయించాను, వ్యాధి లేదని కాగితం వచ్చింది. ధనుర్వాతం టీకా కూడా అయింది. రోజుకు 4 కిలోల ఉలవ గుగ్గిళ్ళు, సాయంత్రం పచ్చగడ్డి పెడుతున్నాం.

పశువైద్యురాలు_కరీంనగర్
ఫోటోలు స్పష్టంగా ఉన్నాయి. మధ్య జత మాత్రమే మారి, అరగడం మొదలైంది. పక్క జత ఇంకా పాలపళ్ళే. అంటే దీనికి ఇప్పుడు మూడేళ్ళు, అటూ ఇటూగా. మాలెగావ్‌లో మీరు కొన్న రోజుకు రెండున్నరేళ్ళకు మించి ఉండదు. మనిషిని ఎక్కించుకోవడం వచ్చని చెప్పారంటే, ఆ వయసుకే ఎవరో దాని మీద ఎక్కి ఉండవచ్చు. పట్టీ బిగించగానే ఎగరడానికి ఆ జ్ఞాపకమే కారణం కావచ్చు.

ఇక బరువు. ఛాతీ చుట్టుకొలతను దానితోనే గుణించి, వచ్చినదాన్ని పొడవుతో గుణించి, 11,900తో భాగిస్తే గుర్రం బరువు ఉజ్జాయింపుగా కిలోల్లో వస్తుంది. చుక్కకు అది 298 కిలోలు. రౌతు, జీను కలిపి గుర్రం బరువులో 20 శాతం మించకూడదన్నది ఎదిగిన, కండ పట్టిన గుర్రానికి చెప్పే హద్దు. చుక్కకు ఆ లెక్కన 60 కిలోల లోపే. మీరు జీనుతో కలిపి 86 కిలోలు, అంటే 29 శాతం. ఈ దశలో మీరు ఎక్కకూడదని చాలా మర్యాదగా, చాలా గట్టిగా చెబుతున్నాను.

గుగ్గిళ్ళు ఎక్కువ, గడ్డి తక్కువ అవుతున్నాయి. పని లేని పిల్లకు 4 కిలోల ఉలవలు పెట్టి కట్టేస్తే అది ఎగరక ఏం చేస్తుంది? ఎండుగడ్డి లెక్కన రోజుకు కనీసం 4.5 కిలోల మేత ముందు కడుపులో పడాలి, 6 కిలోలైతే ఇంకా మంచిది. ఉలవలు క్రమంగా ఒక కిలోకు తగ్గించండి. ఒక్కసారిగా మార్చితే కడుపునొప్పి వస్తుంది.

చేవెళ్ళ_తోట
వయసు విషయంలో మోసపోయానన్న బాధ కన్నా, ఇసుకలో ఎక్కించనివ్వలేదన్న ఊరటే ఎక్కువగా ఉంది. మేత ఈరోజు నుంచే మారుస్తున్నాను.

మలక్‌పేట_పొద్దు
డాక్టరమ్మ గారి బరువు లెక్కతో నాకు పేచీ లేదు. మా రౌతులు 50 కిలోల చుట్టూ ఉంటారు, మా జీను కూడా చాలా తేలిక. కానీ మూడేళ్ళ పిల్లను పనికి పెట్టకూడదన్న భావన ఇక్కడ స్థిరపడకూడదని నా కోరిక. ఎముక పని వల్లే గట్టిపడుతుంది. చిన్నప్పుడు కొద్దిపాటి పరుగు అలవాటైన పిల్ల ముందు కాళ్ళలో మోకాలి కింది పొడవాటి ఎముక, ఐదేళ్ళ వరకు కొట్టంలో కట్టేసి ఉంచిన గుర్రానిదాని కన్నా దృఢంగా ఉంటుంది. రేసు పిల్లల్లో ఆ ఎముక ముందు భాగం వాచి నొప్పి చేయడం అందరికీ తెలిసిందే. అది పని వల్ల కాదు, ఎముక సర్దుకునే లోపే వేగం పెంచడం వల్ల వస్తుంది.

పశువైద్యురాలు_కరీంనగర్
ఎముక పనితోనే గట్టిపడుతుందన్న మాట నిజం, నేను దాన్ని కాదనను. అయితే ఆ పనికి వీపు మీద మనిషి ఉండనక్కరలేదు. పిల్ల గుర్రం విశాలమైన దొడ్డిలో తనంతట తాను పరుగెత్తినా కాళ్ళకు ఆ లాభం దక్కుతుంది. నా అభ్యంతరం వీపు గురించి. గుర్రం ఎముకల కొసల్లో ఎదుగుదల పలకలుంటాయి. అవి గిట్ట వైపు నుంచి పైకి, ఒక్కొక్కటిగా మూసుకుంటూ వస్తాయి. ముందు కాలి మోకాలికి సరిగ్గా పైనున్న పలక రెండు, రెండున్నరేళ్ళకు మూసుకుంటుంది. వెన్నుపూసలవి అన్నిటికన్నా ఆలస్యం. ఐదేళ్ళు దాటాక గానీ పూర్తి కావు. మనం కూర్చునేది ఆ వెన్ను మీదే. రేసు పిల్ల తేలికైన రౌతును కొద్ది నిమిషాలు మోసి దించేస్తుంది. మన తోటల్లో గుర్రం బరువైన మనిషిని గంటసేపు మోస్తుంది. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

రిసాల్దార్_మాధవరం
పశ్చిమ గోదావరి మాధవరం వాణ్ని. సైన్యంలో గుర్రాలను చూసుకునే రిమౌంట్ అండ్ వెటర్నరీ కోర్‌లో ఉద్యోగకాలం ఎక్కువ భాగం హేంపూర్, సహారన్‌పూర్ డిపోల్లో పడుచు గుర్రాల దగ్గరే గడిపాను. వరుస అడిగారు కాబట్టి వివరంగానే రాస్తాను.

చుక్క జీనుకు భయపడడం లేదు, పట్టీకి భయపడుతోంది. గుర్రం వేటాడబడే జాతి. ఛాతీని ఏదైనా చుట్టి పట్టుకుంటే పులి పట్టుకున్నంత పని అవుతుంది దానికి. నిలబడి ఉన్నప్పుడు ఊపిరి బిగబట్టి సహిస్తుంది, అడుగు వేయగానే పట్టీ మరింత పట్టినట్టు తోచి ఎగురుతుంది. అందుకని జీనును పూర్తిగా పక్కన పెట్టండి. మెత్తటి గుడ్డ వేసి, దాని మీద ఉత్త పట్టీ, అంటే సర్సింగిల్, వదులుగా కట్టండి. అది వెనక్కి జారి డొక్కల మీదకు పోకుండా ఛాతీ ముందు నుంచి మరో పట్టీ ఉండి తీరాలి. చాలామంది దీన్ని వదిలేస్తారు, వెనక్కి జారిన పట్టీ గుర్రాన్ని ఇంకా ఎగిరిస్తుంది. ఒక రంధ్రం బిగించి నాలుగు అడుగులు నడిపించండి, ఆపండి, మెడ నిమరండి, మరో రంధ్రం బిగించండి. ఏ రంధ్రం దగ్గర ఒళ్ళు బిగుసుకుంటే ఆ రోజుకు అక్కడితో ఆగి, ఒళ్ళు వదులైన తర్వాతే పట్టీ విప్పండి. ఎగురుతుండగా విప్పితే, ఎగిరితే పట్టీ ఊడుతుందని నేర్పినవారమవుతాం.

పట్టీ కుదిరాక రికాబులు తీసేసిన జీను, ఆ తర్వాత రికాబులు వేలాడుతూ డొక్కలకు తగిలే జీను. గుర్రం రెండు కళ్ళూ చెరో వైపు చూస్తాయి. ఎడమ వైపు అలవాటైంది కదా అని కుడి వైపు కూడా అయినట్టు అనుకోవద్దు. ప్రతి పనీ రెండు వైపుల నుంచీ చేయాలి.

ఆ తర్వాతది నేను అన్నిటికన్నా ఎక్కువ నమ్మే పని. రెండు పొడవాటి తాళ్ళను, నోట్లో కళ్ళెం లేని తలపట్టీ అయిన హాల్టర్‌కు తగిలించి, పొట్ట కింద ఒకదానితో ఒకటి కట్టిన రికాబుల గుండా వెనక్కి తెచ్చి, గుర్రం వెనుక కాస్త పక్కగా, కాలు అందనంత దూరంలో నడుస్తూ తోలండి. తిరగడం, ఆగడం, ఒంటరిగా ముందు నడవడం, ట్రాక్టరును దాటడం అన్నీ మనిషి ఎక్కకముందే నేర్చుకుంటుంది. తోట దాటి ఊరి దారి మీదకు కూడా తీసుకెళ్ళండి. తాడును చేతికి ఎప్పుడూ చుట్టుకోవద్దు; మడతలుగా పట్టుకోవాలి.

ఇసుక విషయంలో నిజామాబాద్ వారితో ఏకీభవించలేను. లోతు ఇసుకలో గుర్రం లొంగేది అలసిపోయి. కాళ్ళ వెనుక స్నాయువులు, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాళ్ళు, సాగి దెబ్బతింటాయి. అలసట తీరిన మర్నాడు భయం మళ్ళీ మొదటికే వస్తుంది.

నిజామాబాద్_అశ్వం
రిసాల్దార్ గారి అనుభవాన్ని గౌరవిస్తాను. కానీ ప్రభుత్వ దాణా తిని నేర్చుకునే గుర్రం వేరు, పెళ్ళిళ్ళ సీజను లోపల సంపాదించి పెట్టాల్సిన గుర్రం వేరు. మా వాళ్ళలో ఎవరూ గుర్రాన్ని హింసించాలని పుట్టలేదు.

రిసాల్దార్_మాధవరం
హింసించాలని ఎవరూ అనుకోరని నాకూ తెలుసు. ఖర్చు లెక్కనే చూద్దాం. ఆరు నెలల దాణా మిగులుతుందని మూడేళ్ళకు ఎక్కిన గుర్రం ఏడేళ్ళకు కుంటితే, ఆ తర్వాత పదేళ్ళ సంపాదన పోయినట్టే కదా. జాగ్రత్తగా పెంచిన గుర్రం పద్దెనిమిది, ఇరవై ఏళ్ళ వరకు పని చేస్తుంది. ఇక ముళ్ళ కళ్ళెం సంగతి ఖర్చుతో ముడిపడింది కాదు. బండి లాగే, బరువు మోసే జంతువుల పట్ల క్రూరత్వాన్ని నివారించే 1965 నాటి నియమాల్లోనే ముళ్ళున్న కళ్ళేనికి నిషేధం ఉంది.

పాడేరు_బాట
మా ఏజెన్సీలో రోడ్డు పడని గూడేలకు ఇప్పటికీ బియ్యం, కాఫీ మూటలు గుర్రాల మీదే వెళ్తాయి. మా నాన్నగారు పడుచు గుర్రానికి మొదట ఖాళీ గోనె, తర్వాత ఊక నింపిన గోనె వేసి, పెద్ద గుర్రం వెనుక సంతకు నడిపించేవారు. ఊక గోనె వెడల్పుగా ఉండి చెట్లకు, గట్లకు రాసుకుంటుంది, బరువు మాత్రం ఉండదు. రాపిడికి బెదరడం అలా పోతుంది. ముందు ఒక అనుభవమున్న గుర్రం నడుస్తుంటే పిల్ల దాన్ని చూసే సగం నేర్చుకుంటుంది. చుక్కకు తోడుగా ఇంకో గుర్రం ఉందా?

చేవెళ్ళ_తోట
పక్క తోటవారి దగ్గర పదకొండేళ్ళ గుర్రం ఉంది, చాలా నెమ్మదైనది. రోజూ పొద్దున రెండింటినీ కలిపి నడిపించడానికి వారు ఒప్పుకున్నారు.

జీను_కాన్పూరు
నేను గుర్రపు సామాను వ్యాపారంలో ఉన్నాను. జీనును అసలు ఎవరైనా పరీక్షించారా? మన దగ్గర దొరికే వాటిలో చాలా భాగం కాన్పూరులో తయారై, ఎక్కువగా మధ్యస్థ కొలతలో వస్తాయి. మార్వాడీల మెడ కింద మూపు ఎత్తుగా, సన్నగా ఉంటే ఆ జీను ముందు వంపు కిందికి దిగి మూపు ఎముకను ఒత్తుతుంది. గుడ్డ లేకుండా జీను పెట్టి చూడండి. ముందు వంపు కింద రెండు, మూడు వేళ్ళ సందు ఉండాలి, భుజం పలక కదలడానికి అడ్డు ఉండకూడదు. వెనుక భాగం చివరి పక్కటెముకను దాటి నడుము మీదకు పోకూడదు. పని అయ్యాక చెమట మధ్యలో పొడి మచ్చ కనిపిస్తే అక్కడ ఒత్తిడి పడినట్టే.

చేవెళ్ళ_తోట
ఇప్పుడే పెట్టి చూశాను. ఒక వేలు కూడా దూరడం లేదు. ఆ జీనును గదిలో పెట్టి తాళం వేశాను.

ఆస్టిన్_రాంచ్
నేను టెక్సాస్‌లో ఉంటాను, మా దగ్గర క్వార్టర్ హార్స్ అనే అమెరికా జాతి గుర్రాలు రెండున్నాయి. ఇక్కడ పడుచు గుర్రాన్ని తీసుకెళ్ళి నెల, రెండు నెలల్లో స్వారీకి సిద్ధం చేసి ఇచ్చే వృత్తి శిక్షకులు ఊరూరా ఉంటారు. ఓక్లహోమా సిటీలో జరిగే పెద్ద రైనింగ్ పోటీ, అంటే రౌతు సైగకు గుర్రం ఎంత చక్కగా తిరిగి ఆగుతుందో చూసే పోటీ, మూడేళ్ళ గుర్రాల కోసమే కాబట్టి, దానికి వెళ్ళేవాటికి రెండేళ్ళకే పని మొదలవుతుంది. మలక్‌పేట వారి వాదన నేను ఇక్కడా వింటూనే ఉంటాను. మా పిల్ల గుర్రం శిక్షకురాలు మాత్రం కొద్దికాలం తేలికగా నేర్పి, దాన్ని శీతాకాలమంతా పచ్చికలో వదిలేయమన్నారు. వసంతంలో తెచ్చి మొదలుపెడితే నేర్చుకున్నది ఒక్కటీ మర్చిపోలేదు, పైగా ఒళ్ళు నిండింది.

ఆవిడ దగ్గర నేను గమనించిన అసలు విద్య, ఒత్తిడి తీసేసే క్షణం. తాడు లాగడం వల్ల గుర్రానికి ఏమీ రాదు, అది ఒక అడుగు ఇటు వేయగానే తాడు వదులవుతుంది చూడండి, అప్పుడే వస్తుంది. అది ఆలస్యమైతే గుర్రానికి ఏ పనికి ఫలితం దక్కిందో తెలియదు. గుండ్రటి దొడ్డిలో చెమటలు కక్కేలా తరమడం ఇక్కడ కూడా చాలామంది చేస్తారు, ఆవిడ ఎప్పుడూ చేయలేదు.

రిసాల్దార్_మాధవరం
ఆస్టిన్ వారు చెప్పిన క్షణం మాట బంగారం. గుండ్రంగా తిప్పడం గురించి కూడా ఒక మాట. తాడు చివర తిప్పితే వలయం కనీసం 20 మీటర్ల వెడల్పు ఉండాలి, రెండు దిక్కుల్లోనూ సమానంగా తిప్పాలి, పది, పదిహేను నిమిషాలు దాటకూడదు. చిన్న వలయంలో తిప్పితే మోకాళ్ళు, మడమలు పక్కకు ఒత్తుకుంటాయి. నేను తిన్నగా నడిపించడాన్నే ఎప్పుడూ ఎక్కువగా ఇష్టపడతాను.

లాడం_వరంగల్
గిట్టలు ఎత్తిస్తోందన్నారు, చాలా సంతోషం. మెత్తటి నేల మీద ఈ మాత్రం పనికి లాడాలు అక్కరలేదు. ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఒకసారి గిట్టలు చెక్కించండి చాలు.

అజీజ్‌నగర్_స్వారి
మొదటిసారి ఎక్కే రోజు గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. పడుచు గుర్రాల మీద మొదట కూర్చునే పని నాది, బరువు తక్కువ కావడం ఒక కారణం.

ఆ రోజు విడిగా ఉండకూడదు, ముందు రోజులకు కొనసాగింపుగా ఉండాలి. ఎత్తుపీట పక్కన నిలబెట్టి, నేను ఆ పీట ఎక్కి దిగుతూ ఉంటాను, జీను మీద చేత్తో తడతాను. గుర్రం తల వదిలి మేత వెతుక్కునేంత విసుగు పుట్టాకే నా పొట్ట ఆనించి దాని వీపు మీద అడ్డంగా వాలతాను. వాలి, దిగి, రెండో వైపు వెళ్ళి వాలతాను. అలా అడ్డంగా ఉండగానే తల దగ్గరి మనిషి రెండు అడుగులు నడిపిస్తాడు. ఎగిరితే జారి కిందికి రావచ్చు కాబట్టి రౌతుకు కూడా ఇది క్షేమం. కాలు అటు వేసిన రోజు వెంటనే నిటారుగా లేవను, మెడ మీదకు వంగే ఉంటాను. తన తల వెనుక, ఎత్తులో ఒక మనిషి ఆకారం హఠాత్తుగా రెండు కళ్ళకూ కనిపిస్తే ఎంతటి నెమ్మదైన పిల్లయినా ఉలిక్కిపడుతుంది. మెడకు ఒక పట్టీ కట్టి దాన్నే పట్టుకుంటాను, పడబోతే పగ్గాలు పట్టుకుని నోరు లాగకుండా.

మాటలు నేలమీది మనిషే చెప్పాలి. నడు, ఆగు అన్న మాటలు చుక్కకు ఇప్పటికే తెలిసి ఉంటాయి. రౌతు మొదట ఉత్త మూట. కొన్ని రోజుల తర్వాత నేలమీది మనిషి మాటతో పాటే రౌతు కాలితో నెమ్మదిగా తాకాలి, ఆ తర్వాత నేలమీది మాట తగ్గాలి. ప్రమాణాలకు తగిన హెల్మెట్, మడమ ఉన్న బూట్లు లేకుండా ఎవరినీ ఎక్కనివ్వవద్దు. బూటుకు మడమ లేకపోతే పాదం రికాబులోకి దూరిపోయి, పడినప్పుడు గుర్రం ఈడ్చుకుపోతుంది.

మలక్‌పేట_పొద్దు
అజీజ్‌నగర్ వారు రాసింది అక్షరం అక్షరం నిజం. మా తెల్లవారుజాము పనిలో కూడా ఇదే వరుస, మేం కొంచెం త్వరగా చేస్తాం అంతే. తోటవారికి రౌతు కావాలంటే నేను వస్తాను. నా బరువు 50 కిలోలు, జీను 3 కిలోలు. డాక్టరమ్మ గారి లెక్కన 18 శాతం లోపే.

చేవెళ్ళ_తోట
మీ పెద్ద మనసుకు కృతజ్ఞతలు. రెండు విషయాలు చెప్పాలి. ఒకటి, రిసాల్దార్ గారు చెప్పినట్టు ఉత్త పట్టీతో మొదలుపెట్టాం. వదులుగా కట్టినప్పుడు ఒంగి చూసుకుంది కానీ ఎగరలేదు, మూడో రంధ్రం దగ్గర ఒళ్ళు బిగిసింది, అక్కడే ఆపాం. రెండోది, పెద్ద గుర్రం పక్కన వేగంగా నడిచేటప్పుడు ఇది ట్రాట్, అంటే కుదుపుతో సాగే దుడుకు నడక, చేయకుండా ఏదో వేరే నడక నడుస్తోంది, వీపు కదలడమే లేదు. ఇది లోపమా?

రిసాల్దార్_మాధవరం
లోపం కాదు, అది మార్వాడీల్లో చాలావాటికి పుట్టుకతో వచ్చే రేవాల్ నడక. రౌతు కుదుపు తెలియకుండా గంటల తరబడి వెళ్ళడానికి ఎడారి ప్రాంతాల వారు దాన్ని అపురూపంగా చూసుకుంటారు. కొందరు దాని కోసం కాళ్ళకు తాళ్ళు కట్టి బలవంతంగా నేర్పుతారు, మీరు అదేమీ చేయవద్దు, అణచనూ వద్దు. మూడో రంధ్రం దగ్గర ఆగడం మంచి పని. రెండు రోజులు రెండో రంధ్రం దగ్గరే ఉంచి మళ్ళీ చూడండి.

పశువైద్యురాలు_కరీంనగర్
కళ్ళెం గురించి ఇంకా తొందర పడవద్దు. ఎగువ దవడలో మొదటి నమిలే పన్నుకు ముందు చిన్న పన్ను ఒకటి కొన్ని గుర్రాలకు ఉంటుంది, కళ్ళెం దానికి తగిలితే తల ఎగరేస్తుంది. పైగా ఈ వయసులో నమిలే పాలపళ్ళు టోపీల్లా ఊడుతుంటాయి, చిగుళ్ళు నొప్పిగా ఉంటాయి. మీ దగ్గరి పశువైద్యుల చేత నోటిలో చెయ్యి పెట్టించి చూపించండి.

చేవెళ్ళ_తోట
చూపించాను. రెండు వైపులా ఆ చిన్న పళ్ళున్నాయి, ఒక టోపీ కదులుతోంది. మత్తు ఇచ్చి రెండు పళ్ళూ, ఆ టోపీ తీసేశారు. వీపు కూడా వేళ్ళతో నొక్కి చూశారు. మూపు దగ్గర తప్ప ఎక్కడా నొప్పి లేదు.

నిజామాబాద్_అశ్వం
సమయం విషయంలో నా అభిప్రాయం అదే. అయినా మా కొట్టంలో ఒక మగపిల్ల అస్తమానం తల ఎగరేస్తోంది, ఎన్ని కళ్ళేలు మార్చినా ఆగలేదు. దానికీ ఆ చిన్న పళ్ళు ఉన్నాయేమో చూపిస్తాను. ఎంత వయసు నుంచి ఉంటాయి అవి?

పశువైద్యురాలు_కరీంనగర్
సాధారణంగా ఏడాది నిండేలోపే వచ్చేస్తాయి, మగపిల్లలకూ ఉంటాయి. కొన్నిసార్లు చిగురు కిందే ఉండిపోతాయి, వేలితో నొక్కితే గట్టిగా తగులుతుంది. తప్పకుండా చూపించండి.

తోటవారికి: పన్ను తీసిన చోట పుండు మానేవరకు కనీసం రెండు వారాలు నోట్లో ఏమీ పెట్టకండి. పట్టీ పని, తాళ్ళతో తోలడం హాల్టర్‌తోనే సాగించవచ్చు. పుండు మానాక మెత్తటి, లావైన, మధ్యలో కీలున్న స్నాఫిల్ కళ్ళేన్ని పగ్గాలు లేకుండా, మేత తినే ముందు కొద్దిసేపు మాత్రమే వేయండి. మనిషి ఎక్కే విషయానికి వస్తే, దసరా దాటాక మలక్‌పేట వారు వచ్చి, వారానికి మూడు రోజులు, పదిహేను నిమిషాలు, తిన్నగా నడకలో మాత్రమే చేస్తే నాకు అభ్యంతరం లేదు. తర్వాత చలికాలమంతా దొడ్డిలో వదిలేయండి. మీరు ఎక్కడం గురించి ఐదేళ్ళు నిండాక, అప్పటి కొలతలు తీసి మాట్లాడుకుందాం.

మలక్‌పేట_పొద్దు
మూడేళ్ళ పిల్లకు పని మంచిదే అన్న నా మాట మారలేదు, కానీ ఈ పిల్లకు ఈ ప్రణాళిక సరిపోతుంది. దసరా తర్వాతి ఆదివారం పొద్దున ఐదింటికి వస్తాను. ఎత్తుపీట గట్టిదిగా చేయించండి, కదిలే పీట మీద నుంచి నేను వాలను. ఆ రోజు పెద్ద గుర్రం కూడా పక్కనే ఉండాలి.